ఆప్టోమెట్రిస్టులకు నిరంతర శిక్షణ తప్పనిసరి చేయాలా?

గవర్నర్‌పేట క్లినిక్ (విజయవాడ):
అందరికీ నమస్కారం. అనుబంధ, ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021లో వచ్చి, చూపు పరీక్షించి కళ్ళజోడు రాసే మన ఆప్టోమెట్రీ వృత్తిని గుర్తించింది, కేంద్రంలోనూ రాష్ట్రాల్లోనూ రిజిస్టర్లు ఉండాలని చెప్పింది. ఒకసారి పేరు నమోదైతే జీవితాంతం సరిపోతుందా, లేక చదువు కొనసాగించినవారి పేరే రిజిస్టరులో నిలవాలా అన్నది ఇప్పుడే తేల్చుకోవలసిన ప్రశ్న. బ్రిటన్‌లో ఈ వృత్తిని నియంత్రించే జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ వద్ద నమోదైన ఆప్టోమెట్రిస్టు మూడేళ్ళలో కనీసం 36 శిక్షణ పాయింట్లు సంపాదించాలి. వాటిలో సగం, ఒంటరిగా చదివి కాక, ఇతరులతో చర్చ జరిగే కార్యక్రమాల ద్వారానే రావాలి. మన దేశంలో వైద్యులకు 2002 నాటి నియమావళి ఐదేళ్ళకు 30 గంటల శిక్షణ అని చెప్పింది. మనకు మాత్రం ఆ లెక్క ఎందుకు ఉండకూడదు?

అరండల్‌పేట కౌంటర్ (గుంటూరు):
సొంత క్లినిక్ ఉన్నవారికి ఈ ప్రశ్న తేలిక అండీ. నేను కళ్ళజోళ్ళ షాపులో జీతానికి పనిచేస్తున్నాను. శిక్షణ కార్యక్రమాలు ఎక్కువగా ఆదివారాలే పెడతారు. మా షాపులో రద్దీ కూడా ఆ రోజే కాబట్టి యజమాని సెలవు ఇవ్వరు, ఇచ్చినా జీతం కోస్తారు. హైదరాబాదు వెళ్ళాలంటే రైలు ఖర్చు అదనం. ఇక దగ్గరలో, ఉచితంగా దొరికే కార్యక్రమాల సంగతి మీకు తెలియనిది కాదు: కాసేపు కార్నియా (కంటి ముందు పారదర్శక పొర) గురించి మాట్లాడి, మిగిలిన సమయమంతా ఆ కార్యక్రమం పెట్టిన కంపెనీ కొత్త ప్రోగ్రెసివ్ లెన్సు (దూరానికీ దగ్గరికీ ఒకటే అద్దం) గొప్పతనం చెప్పి, భోజనం పెట్టి, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. గంటలు తప్పనిసరి చేస్తే ఇలాంటి గంటలే పెరుగుతాయి తప్ప రోగికి ఒరిగేదేమీ లేదు.

కొత్తపేట కంటి వైద్యురాలు (గుంటూరు):
కంపెనీ కార్యక్రమాల గురించి మీరు చెప్పినది నిజమే, కానీ దాని నుంచి మీరు తీసిన ముగింపు నాకు సమ్మతం కాదు. వరికోతల కాలంలో కంటికి ఆకో ఊకో తగిలినవారు మా దగ్గరికి నేరుగా రారు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేసుకుంటారు, రెండు రోజులు ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, ఆ తరువాత చూపు మసకబారిందని కళ్ళజోడు కోసం మీ షాపులకు వస్తారు. లోపల ఫంగస్ పుండు పెరుగుతుంటే ఆ స్టెరాయిడ్ దానికి ఎరువవుతుంది. అక్కడ ఉన్న ఆప్టోమెట్రిస్టు పుండుకు రంగు పట్టించే ఫ్లోరోసీన్ స్ట్రిప్ పెట్టి, స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోపు కింద నీలి వెలుగులో ఒక్కసారి చూసి, చుక్కలు ఆపించి అదే రోజు మాకు పంపితే ఫంగస్ మందు నాటమైసిన్‌తో కన్ను నిలిచే అవకాశం చాలా ఎక్కువ. ఇది కళాశాలలో అందరూ చదివినదే. కానీ ఏళ్ళ తరబడి పవరు మాత్రమే చూసే చేతికి ఆ అలవాటు పోతుంది. కాబట్టి తప్పనిసరి చేయవలసిందే.

గవర్నర్‌పేట క్లినిక్:
డాక్టరు గారి మాటకు మరొకటి కలుపుతాను. అలవాటు తప్పడం ఒక ఎత్తు, చదివినదే మారిపోవడం మరొక ఎత్తు. పిల్లలకు మైనస్ పవరు కాస్త తగ్గించి ఇస్తే అది త్వరగా పెరగదని నమ్మేవారు మన ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. 2002లో మలేషియా పిల్లలపై వెలువడిన అధ్యయనంలో అలా తగ్గించి ఇచ్చినవారికే పవరు ఎక్కువ పెరిగింది. ఆ తరువాత హాంకాంగ్‌లో జరిగిన లాంప్ అధ్యయనం 0.01, 0.025, 0.05 శాతం అట్రోపిన్ చుక్కలు మైనస్ పవరు పెరుగుదలను ఎంత నెమ్మదింపజేస్తాయో పోల్చి చూసింది. వాటిలో 0.05 శాతం మెరుగ్గా పనిచేసింది. ఆ చుక్కలు రాసేది కంటి వైద్యులే, కానీ ఏ పిల్లవాడిని వారి దగ్గరికి పంపాలో మొదట గుర్తించవలసింది మనం. నీటికాసుల (గ్లకోమా) విషయమూ అంతే: గాలి కొట్టి కంటి ప్రెషరు కొలిచే టోనోమీటరులో 21 లోపు వచ్చిందని నిశ్చింతగా పంపేస్తే, ప్రెషరు మామూలుగా ఉండి కూడా నరం దెబ్బతినేవారు మన చేతిలోంచి జారిపోతారు. కంటి వెనుక ఆ నరం మొదలయ్యే డిస్క్ చూడవలసిందే.

మంగళగిరి విజన్ సెంటర్:
నాది రెండేళ్ళ డిప్లొమా. చట్టం నాలుగేళ్ళ డిగ్రీవారికి ఒక వర్గం, మాలాంటివారికి మరొక వర్గం పెట్టింది. శిక్షణ తప్పనిసరి అయితే అది మాకూ అందుబాటులో ఉంటుందా, లేక డిగ్రీ లేదని గుమ్మం దగ్గరే ఆపుతారా? పల్లెల్లో మొదట కన్ను చూసేది మేమే.

అరండల్‌పేట కౌంటర్:
మంగళగిరివారి ప్రశ్న న్యాయమైనది. వారిని వదిలేసే పద్ధతికి నేను మద్దతు ఇవ్వను. డాక్టరు గారూ, తప్పనిసరి అన్న మాటకు నేను ఒక షరతుపై ఒప్పుకుంటాను. మేము రోగిని మీ ఆసుపత్రులకు పంపుతాము, కానీ అక్కడ ఏమి తేలిందో మాకు తిరిగి తెలియదు. అనుమానం నిజమైందా, అనవసరంగా భయపెట్టామా అన్నది తెలియకుండా ఎన్ని ఉపన్యాసాలు విన్నా చేయి మెరుగుపడదు. పంపిన ప్రతి కేసుకూ ఆసుపత్రి నుంచి నాలుగు వాక్యాల జవాబు చీటీ రావాలి, ఆ చీటీలు పెట్టుకుని తోటివారితో చర్చించిన సమయాన్ని శిక్షణగా లెక్కించాలి. అది ఊళ్ళోనే, షాపు మూసిన తరువాత జరుగుతుంది, ఏ లెన్సు కంపెనీ అవసరమూ ఉండదు.

కొత్తపేట కంటి వైద్యురాలు:
చీటీ అడగడం సబబే. ఓపీ రద్దీలో మేము రాయడం లేదన్నదీ నిజమే. రోగి అనుమతి తీసుకుని, జబ్బు పేరు, చేసిన చికిత్స, మళ్ళీ ఎప్పుడు చూడాలో రాసి ఇవ్వడం మాకు పెద్ద భారం కాదు. అయితే చీటీల చర్చ ఒక్కటే చాలదు. మీరు గుర్తించక పంపని కేసుకు చీటీ ఎక్కడి నుంచి వస్తుంది? మధుమేహం ఉన్నవారు చూపు బాగుందంటే కళ్ళజోడు ఇచ్చి పంపేస్తారు. టైప్ 2 అని తెలిసిన నాడే మొదటి రెటీనా పరీక్ష జరగాలన్నది ఆ చీటీల్లో ఎప్పటికీ కనిపించదు. అందుకు పాఠం, చేతితో చేసే అభ్యాసం ఉండాలి.

గవర్నర్‌పేట క్లినిక్:
అలాగైతే సగం గంటలు చీటీల చర్చకు, సగం స్లిట్ ల్యాంప్, డిస్క్ పరీక్షల అభ్యాసానికి అని రాష్ట్ర కౌన్సిల్‌కు ఒక విన్నపం రాద్దామా? డిప్లొమావారినీ చేర్చి, లెన్సు కంపెనీలు పెట్టే కార్యక్రమాలను లెక్కలోంచి తీసేయమని అందులో అడగాలని నా ఉద్దేశం.

అరండల్‌పేట కౌంటర్:
రాయండి, సంతకం పెడతాను. యజమానులు శిక్షణ రోజులకు జీతం కోయకూడదన్న వాక్యం మాత్రం చివరిలో కాదు, మొదటి పేరాలోనే ఉండాలి.