ఆత్మహత్య జరిగిన ఇంటికి సంఘం ఏం చేయాలి? భూస్థాపన, ఆ తర్వాతి రోజులు

పల్నాడు సంఘ పెద్ద:

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా సంఘంలో ఒక కౌలు రైతు అప్పుల బాధతో నిన్న సాయంత్రం ప్రాణం తీసుకున్నాడు. భార్య, పదో తరగతి చదివే పాప, ఏడేళ్ళ బాబు ఉన్నారు. ఈరోజు పోస్టుమార్టం, రేపు ఉదయం భూస్థాపన. "సమాధి తోటలో చోటివ్వకూడదు, పాస్టర్ గారు వెళ్ళకూడదు" అని కొందరు పట్టుబడుతున్నారు. పాస్టర్ గారు వయసులో చిన్నవారు, నలిగిపోతున్నారు. వాళ్ళకు వాక్యం నుంచి ఏం చెప్పాలి? రేపు ఏం మాట్లాడాలి? తర్వాత ఆ ఇంటికి ఏం చేయాలి?

విశ్రాంత కాపరి:

అయ్యగారూ, చోటివ్వకూడదనే వారిని కూర్చోబెట్టి 1 సమూయేలు 31 చదివించండి. సౌలు రాజు తన కత్తి మీద తానే పడి చనిపోయాడు. యాబేష్గిలాదు ఊరివారు రాత్రంతా నడిచివెళ్ళి, గోడకు వేలాడుతున్న ఆ శవాన్ని దించి తెచ్చి, ఎముకలను పిచుల వృక్షం కింద పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసమున్నారు. అందుకు దావీదు వారిని దీవించాడు (2 సమూయేలు 2:5). అడ్డుపడమన్న మాట లేఖనంలో ఎక్కడా లేదు. అది పాత సంఘ నియమం. ఇలా పోయినవారికి భూస్థాపన క్రమం వాడకూడదని 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో ఉంది. రోమన్ కథోలికులు 1983 నాటి తమ సంఘ చట్టంలో (కానన్ చట్టం) ఆ నిషేధాన్నే తీసేశారు. మీ సమాధి తోటలో విడిగా ఒక మూల చూపిస్తామన్నా ఒప్పుకోకండి. వరసలో ఎక్కడ చోటు వస్తే అక్కడే.

రేపటి కూడిక ముప్పావు గంట చాలు. కీర్తన 130, రోమా 8:35–39 చదవండి. వర్తమానం పది నిమిషాలు దాటొద్దు. ఆయన పేరు పలకండి, గుడికి ఆయన చేసిన పని చెప్పండి. ఎలా పోయాడో వివరించొద్దు, దాచి అబద్ధమూ చెప్పొద్దు. "మన సోదరుడు మోయలేని బరువు మోశాడు, అది మనల్ని ఎంతో బాధిస్తోంది" అంటే సరిపోతుంది. "బాధల నుంచి విడుదల పొందాడు" అని మాత్రం అనకండి. ఆ గుంపులో అదే ఆలోచనతో నిలబడినవాడికి అది దారి చూపినట్టు వినిపిస్తుంది. మారుమనస్సు పిలుపుకు, శాపం, సాతాను ప్రసంగాలకు రేపు సమయం కాదు.

పారాలీగల్ వాలంటీర్:

కాగితాల సంగతి చెబుతాను. పరువు పోతుందని పోలీసులకు చెప్పకుండా పాతిపెట్టే ఇళ్ళున్నాయి. తర్వాత ఫిర్యాదు వస్తే శవాన్ని మళ్ళీ తవ్వి తీస్తారు, పరిహారం దారీ మూసుకుపోతుంది. మీరు పోస్టుమార్టం దాకా వచ్చారు, మంచిది. ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు నకళ్ళు అడిగి తీసుకోండి. మరణ నమోదు 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర చేయించండి. రైతు ఆత్మహత్యలను విచారించేది ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు ఉండే కమిటీ. వాళ్ళు అప్పు రుజువు, సాగు రుజువు అడుగుతారు. కౌలు కార్డు వెతికిపెట్టండి, అప్పు నోట్ల జిరాక్సులు తీయించండి.

బ్యాంకు పాస్‌బుక్‌లో మే నెలాఖరున 436 రూపాయల కోత ఉందేమో చూడండి. అది జీవనజ్యోతి బీమా. చావుకు కారణం ఏదైనా నామినీకి 2 లక్షలు వస్తాయి. 20 రూపాయల సురక్ష బీమా మాత్రం ప్రమాదాలకే, దీనికి రాదు.

అసలు ప్రమాదం పదకొండో రోజు ప్రాంతంలో వస్తుంది. అప్పులవాళ్ళు వచ్చి "పాత నోటు మార్చి నీ పేరున రాయమ్మా" అంటారు. ఆమె ఏ నోటు మీదా సంతకం, వేలిముద్ర పెట్టకూడదు. ఆమె కూడా సంతకం చేసినవి, ఆమె పేరున ఉన్న డ్వాక్రా రుణం వేరు. మిగతా అప్పులకు ఆయన నుంచి సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యత. వాళ్ళు వచ్చినప్పుడు ఇద్దరు సంఘ పెద్దలు వాకిట్లో కూర్చుని ఉంటే చాలు, గొంతులు తగ్గుతాయి.

స్త్రీల సమాజం, నర్సు:

ఇంటి లోపలి పనులు చెబుతా. మొదటి పది రోజులు ఏ పూట ఎవరి ఇంటి నుంచి అన్నం వెళ్ళాలో కాగితం మీద రాసుకోండి. లేకపోతే మూడోరోజు నాలుగు గిన్నెలు వస్తాయి, ఎనిమిదోరోజు ఒక్కటీ రాదు. ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నప్పుడు దూత ముందు బోధించలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి రెండుసార్లు పడుకోనిచ్చాడు (1 రాజులు 19). ఆదరణ కూడికకు టీ మించి ఏమీ వద్దని సంఘమే ప్రకటించాలి. భోజనాలు పెట్టిస్తే అది ఇంకో అప్పు.

ఇంట్లో మిగిలిన పురుగుమందు డబ్బాలు ఈరోజే తీయించి వేరేచోట తాళం వేయించండి. ఆమెను, పాపను విడివిడిగా సూటిగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, గుండె తేలికవుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మానసిక బాధలో ఉన్నవారికి ప్రభుత్వ సహాయ ఫోన్ టెలీ మానస్, నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. "ఎవరికీ చెప్పను" అని మాత్రం ముందే మాట ఇవ్వకండి.

బాబు దగ్గర జాగ్రత్త. మనం "ప్రభువునందు నిద్రించారు" అంటాం, పిల్లాడు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని రాత్రి కళ్ళు మూయడానికి భయపడతాడు. "దేవుడు తీసుకున్నాడు" అంటే దేవుడి మీద కోపం పెంచుకుంటాడు. "నాన్న చనిపోయాడు, తిరిగి రాడు, నీ తప్పేమీ లేదు" అని చెప్పాలి. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పాలి.

ఇంకోటి: వాట్సాప్ గ్రూపులో "ప్రార్థన మనవి" పేరుతో ఈ ఇంటి సంగతులు పెట్టకండి. అప్పెంత, గొడవేంటి అన్నవన్నీ సాయంత్రానికి ఊరంతా పాకుతాయి.

పల్నాడు సంఘ పెద్ద:

చాలా వందనాలు. పెద్దలకు ఆ అధ్యాయం చదివి వినిపించాం, ఇద్దరు మెత్తబడ్డారు. పాస్టర్ గారు అడగమన్న మాట: తన భర్త పరలోకంలో ఉన్నాడా అని ఆ రైతు భార్య అడుగుతోంది. ఏం చెప్పాలి?

విశ్రాంత కాపరి:

తీర్పు ఎటువైపూ చెప్పొద్దనండి, అది మన పని కాదు. ముందు ఆమె పక్కన కూర్చోవాలి. యోబు స్నేహితులు నోరు తెరవక ఏడు రోజులు నేల మీద కూర్చున్నారు, వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. ఆమె మళ్ళీ అడిగితే కీర్తన 34:18 చదివి, "నలిగినవారికి దేవుడు దగ్గరగా ఉంటాడు, ఆయన చేతికే అప్పగించాం" అనమనండి. పెద్ద ప్రార్థన వద్దు. ఈ ప్రశ్న నెల తర్వాత ఆమె ఇంకోలా అడుగుతుంది, అందుకని మంగళవారం మంగళవారం వెళ్ళి రమ్మనండి. పెళ్ళిరోజో పుట్టినరోజో దగ్గరపడుతుంటే ఆ తేదీ క్యాలెండర్ మీద ముందే గుర్తుపెట్టుకోమనండి.