రాణి చీమ జాతి తేల్చాకే పెంచాలా, పనిచీమలు పుట్టేదాకా ఆగాలా?

తొలకరి_హన్మకొండ:
మొన్న మొదటి వాన పడ్డ సాయంత్రం మా వరండాలో లైటు కింద పెద్ద నల్ల చీమ దొరికింది. ఒకటిన్నర సెంటీమీటరు పైనే ఉంటుంది. రెక్కలు లేవు, అవి ఊడిన మచ్చలు మాత్రం వీపు మీద కనిపిస్తున్నాయి, కాబట్టి రాణే అనుకుంటున్నాను. టెస్ట్ ట్యూబులో కొంచెం నీళ్ళు పోసి, దూది బిగించి, ఇవతలి పొడి భాగంలో చీమను పెట్టాను. జాతి తెలియకుండా పెంచడం తప్పని ఒక మిత్రుడు అంటున్నాడు. పనిచీమలు వచ్చాక చూసుకోవచ్చు, ఇప్పుడు కదిలించొద్దని ఇంకొకడు. ఎవరి మాట వినాలి?

పుట్టమన్ను:
రెండోవాడి మాట వినండి. చీమలను గుర్తించే పుస్తకాలు ఎక్కువగా పనిచీమను ముందు పెట్టుకుని రాసినవే. 1903లో బింగ్‌హమ్ భారతదేశపు చీమల మీద రాసిన సంపుటం దగ్గర పెట్టుకుని నేనూ కుస్తీ పట్టాను. రాణిని చూసి జాతి దాకా తేల్చడం మనలాంటి వాళ్ళ వల్ల అయ్యే పని కాదు. పైగా నాకు దొరికిన రాణి మీద టార్చి వేసి, ట్యూబు తిప్పి రెండు రాత్రులు ఫొటోలు తీశాను. మూడో రోజు పొద్దున చూస్తే పెట్టిన గుడ్లన్నీ అదే తినేసింది. మళ్ళీ పెట్టనేలేదు.

గండుచీమ:
పుట్టమన్ను గారూ, జాతి తేలకపోయినా పర్లేదు, ఏ కోవ చీమో అయినా తెలియాలి కదా! నేను బెంగళూరులో ఉన్నప్పుడు ఒక రాణి దొరికింది. మీలాగే ఎవరో 'చీకట్లో పెట్టి మరిచిపో' అన్నారు, మరిచిపోయాను. అది ఆకలితో చచ్చింది. పట్టకారు లాంటి పొడుగు దవడలు, పెద్ద కళ్ళు, ఎగిరి దూకే చీమ: హార్పెగ్నాథస్ సాల్టేటర్. (దీనికి 1851లో పేరు పెట్టిన జెర్డాన్ మన నెల్లూరులో డాక్టరుగా పనిచేసినవాడే.) ఆ రాణి మొదటి పిల్లలను పెంచేటప్పుడు కూడా బయటికెళ్ళి వేటాడుతుంది. మనం ట్యూబులో బంధిస్తే చిన్న పురుగో ఏదో మనమే వేయాలి.

అందుకే నడుము చూడండి. నడుములో ఒకే కణుపు ఉండి, పొట్ట నున్నగా ఉండి, కుట్టే ముల్లు లేకపోతే గండు చీమల వైపుది. పనిచీమలు వచ్చేదాకా దానికి మేత అక్కర్లేదు. కణుపు ఒకటే అయినా పొట్ట మొదటి భాగం తర్వాత నొక్కినట్టుండి, ముల్లు కూడా ఉంటే నాకు దొరికిన రకం కావచ్చు, మేత వేయండి. రెండు కణుపులుంటే మన ఎర్ర చీమల వైపు. ఇదంతా ఒక్క భూతద్దంతో రెండు నిమిషాల్లో అయిపోతుంది. దీనికోసం రెండు రాత్రులు టార్చి వేయాలా?

వెన్నెల:
అంతకంటే ముందు అది చీమేనా అని చూసుకోవాలి 😄 పోయినేడు మా తమ్ముడు ఆరు 'రాణుల'ను ట్యూబుల్లో పెట్టాడు. ఆరూ ఉసిళ్ళే! మా ఊళ్ళో అయితే వేయించుకుని తినేవాళ్ళు. ఉసిళ్ళు రెక్కల చెదలు. నాలుగు రెక్కలూ ఒకే పొడవు, మీసాలు పూసల దండలా తిన్నగా ఉంటాయి, నడుము సన్నగా ఉండదు. చీమకు ముందు రెక్కలు పెద్దవి, రాణి మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి. ఇంకో మాట. డయాకమ్మా అనే బూడిదరంగు గీతల చీమల్లో అసలు రాణే ఉండదు, పనిచీమల్లో ఒకటి గుడ్లు పెడుతుంది. 'రాణి దొరకట్లేదు' అని వాటి పుట్టలు తవ్వేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

పుట్టమన్ను:
సరే, నడుము చూడటం వరకు ఒప్పుకుంటాను. కానీ మసక ఫొటో పెట్టగానే పదిమంది పది లాటిన్ పేర్లు చెప్పే జబ్బుకు మాత్రం నేను వ్యతిరేకం. ఇంకొకటి, రెక్కలు ఊడినంత మాత్రాన జత కట్టినట్టు కాదు. జత కట్టని రాణి కూడా రెక్కలు రాల్చుకోవచ్చు. గుడ్లూ పెడుతుంది, కానీ వాటిలోంచి వచ్చేవన్నీ మగవే. ఏ భూతద్దమూ చెప్పలేని సంగతి ఇది. పనిచీమ బయటికి వస్తేనే తెలుస్తుంది, జాతి కూడా అప్పుడే తేలుతుంది. ఎలాగూ ఆగక తప్పదు.

గండుచీమ:
ఆగండి, కానీ చూసి ఆగండి. ఆగుతూ ఆగుతూ అది నిప్పు చీమ అని తర్వాత తెలిస్తే? సోలెనాప్సిస్ జెమినాటా అనే నిప్పు చీమ అమెరికా ఖండాల నుంచి వచ్చి మన దగ్గర పాతుకుపోయింది. రెండు కణుపులు కనబడితే సన్నటి జాలీ, గట్టి మూత ముందే సిద్ధం చేసుకోవాలి. పెంచడం విసుగొచ్చి తీసుకెళ్ళి ఇంకో ఊళ్ళో వదలడం అసలే వద్దు.

తొలకరి_హన్మకొండ:
మీరు చెప్పినట్టే ఒక్కసారి భూతద్దం పెట్టి చూశాను. ఒకే కణుపు, పొట్ట నున్నగా ఉంది, నెత్తిన రాణులకుండే మూడు చిన్న కళ్ళు కూడా కనిపించాయి. ఇక మేత వేయట్లేదు, నల్ల గుడ్డ చుట్టి బీరువాలో పెట్టాను, వారానికోసారే చూస్తాను. కష్టమంతా మా నాయనమ్మతోనే. ముగ్గు పిండి కూడా చీమల కోసమే అనే మనిషి ఆమె. "గా చీమకు ఇంత చక్కెర ఎయ్యకుండ ఉపాసముంచుతున్నవేందిరా" అని పొద్దుట్నుంచీ ఒకటే పోరు. ఇక ఎగరదు కదా, రెక్కలను ఆడించిన కండనే కరిగించుకుని పిల్లలను సాకుతుందని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత బీరువా దగ్గరికెళ్ళి, "గయితే తలుపు మెల్లగ ఎయ్యిరా" అంది.