సమస్య: కడలి చిన్న గవ్వఁ గదపదాయె

నిర్వాహకురాలు:
ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. పైన మూడు పాదాలు మీరు పూరించాలి.

కడలి చిన్న గవ్వఁ గదపదాయె

దీనికి మూలం ఇంగ్లీషు కవి జాన్ కీట్స్ సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) 'ఆన్ ది సీ'. 1817 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని వైట్ దీవికి వెళ్ళినప్పుడు రాశాడు, అప్పటికి ఆయనకు 21 ఏళ్ళు. షేక్స్‌పియర్ కింగ్ లియర్ నాటకంలో "సముద్రం వినపడటం లేదా" అని అడిగే మాట తనను వెంటాడుతోందని మిత్రుడు రేనాల్డ్స్‌కు ఉత్తరం రాస్తూ అందులోనే ఈ పద్యం పంపాడు. మొదటి నాలుగు పాదాల్లో సముద్రం ఇరవై వేల గుహలను ముంచెత్తుతుంది. అయిదో పాదం నుంచి ఎంత నెమ్మదిస్తుందంటే, గాలులు కిందటిసారి చెలరేగినప్పుడు పడిన చిట్టి గవ్వ కూడా రోజుల తరబడి పడినచోటే ఉంటుంది.

నాకు ఇందులో బాగా నచ్చేది ప్రాస. సానెట్‌లో మొదటి ఎనిమిది పాదాలకు అంత్యప్రాసలు రెండే, అఆఆఅ అఆఆఅ వరస. ఆ రెండోదానిలో స్వెల్, స్పెల్, షెల్, ఫెల్ వస్తాయి. అంటే పొంగే కెరటానికీ కదలని గవ్వకూ ఒకటే ప్రాస! ఇంకొకటి, ఆ ఎనిమిది పాదాల్లో సముద్రం అన్న మాటే లేదు, పద్యం 'అది' అంటూ మొదలవుతుంది, పదో పాదానికి గానీ పేరు రాదు. అందుకే ఒక నియమం: మీ మూడు పాదాల్లో కడలి, సంద్రం, సాగరం లాంటి పేర్లు రాకూడదు. శబ్దంతోనే వినిపించాలి.

తీరవాసి:
వేయి గుహల నింపి వెనుదిరిగినవేళ
నలసి నిదురపోయె నలల గుంపు
గాలి సద్దుమణఁగ గడియలు దినములై
కడలి చిన్న గవ్వఁ గదపదాయె

చిత్రలేఖ:
నేను వేరే దారిలో వెళ్ళాను.

గోడమీఁది పటము గొప్పగా గీసిన
రంగుటలలు లేచి రాలకుండె
చిత్రకారు నేర్పు జిగినిఁ జూపెను గాని
కడలి చిన్న గవ్వఁ గదపదాయె

కొత్తకలం:
పద్యం రాయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను, చూసి చెప్పండి.

హోరుహోరుమనుచు హుంకరించెను మున్ను
తీరమందు నిసుక మెరిసిపోయె
నురుగుచేతితోడ నుదురు నిమిరెఁ గాని
కడలి చిన్న గవ్వఁ గదపదాయె

ఛందస్సు మాస్టారు:
ముందు గణాలు (గురులఘువుల గుంపులు) చూశాను, మూడు పద్యాల్లోనూ సరిపోయాయి. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొత్తు) మాత్రం కొత్తకలం రెండో పాదంలో తప్పింది తమ్ముడూ, 'తీ'కి 'మె' చెల్లదు. 'తీరమందు నిసుక తెల్లబోయె' అను. ఈ-ఎ యతి మైత్రి ఉంది కాబట్టి ఛందస్సు కుదురుతుంది, పైగా అంత హుంకారం విన్న ఇసుక మెరవడం కన్నా తెల్లబోవడమే సబబు. నీ మూడో పాదం జోలికి మాత్రం నేను రాను. మొదటి పాదమంతా హకారాలు, మూడో పాదానికి ను, రు, మి లాంటి మెత్తని అక్షరాలు, ఈ మార్పు మూడో పాదం దగ్గరే జరగడం నాకెంతో నచ్చింది, ఎందుకంటే నాలుగోది మన చేతిలో లేదు కనుక పూరణలో మలుపు తిప్పుకోవడానికి మిగిలే చోటు అదొక్కటే.

చిత్రలేఖ గారూ, సమస్యను విడగొట్టడంలో మీదే తెలివైన పూరణ. పటంలోని అల లేస్తుంది కానీ రాలదు, అవధానంలో ఇది చదివితే చప్పట్లు పడతాయి. నా అభ్యంతరం ఒక్కటే. మీ పద్యంలో సముద్రానికి గవ్వను కదిపే శక్తే లేదు. కీట్స్ సముద్రానికి శక్తి ఉండీ ఊరుకుంది.

చిత్రలేఖ:
సమస్యాపూరణకు ఇంగ్లీషు సానెట్ కొలబద్ద ఎందుకండీ మాస్టారూ? వైరుధ్యం పోగొట్టడమే కదా మన సంప్రదాయం.

నిర్వాహకురాలు:
మీ పూరణ చెల్లుతుందండీ, అందులో సందేహం లేదు. నేను పోల్చమంటున్నది శబ్దం వరకే. కీట్స్ గుహలు నిండే పాదాన్ని 'గ్లట్స్' అని మొదలుపెడతాడు, గొంతులో నీళ్ళు అడ్డుపడినట్టు ఉంటుంది ఆ మాట, వెంటనే 'ట్వైస్ టెన్ థౌజండ్' అని ఊనికలు (నొక్కి పలికే చోట్లు) ఒకదాని మీద ఒకటి పడతాయి. గవ్వ దగ్గరకు వచ్చేసరికి స, ష, ల తప్ప గట్టి అక్షరం పెద్దగా వినపడదు. మనకు ఊనికలు లేవు, గురులఘువులున్నాయి (నిలిపి పలికేవి, తేలిగ్గా పలికేవి), యతి ఉంది. వాటితో ఇదే పని చేయొచ్చు.

తీరవాసి గారి రెండో పాదం అలా చేసిందే. 'నలసి నిదురపోయె నలల గుంపు' మెల్లగా చదవండి, యతిస్థానంలో 'నల' మళ్ళీ వచ్చి జోకొడుతుంది. మూడో పాదం చివర మాత్రం నాకు తృప్తిగా లేదు. 'గడియలు దిన' అని ఆరు లఘువులు వరసగా పరుగెత్తుతున్నాయి, అర్థమేమో రోజులు నెమ్మదిగా గడవడం. 'గాలి సద్దుమణఁగఁ గడచిపోవఁగ నాళ్ళు' అంటే ఎలా ఉంటుంది? 'పో', 'నా' దగ్గర నాలుక ఆగుతుంది.

తీరవాసి:
'నాళ్ళు' బాగుంది, తీసుకుంటాను. కానీ గడియలు రోజులుగా మారాయన్న భావం పోయిందండీ, అది నాకు ముఖ్యం. మాది కాకినాడ, గాలి ఆగిన రోజు ఉప్పుటేరు దగ్గర కూర్చుంటే పొద్దు ఎంతకీ కదలదు. ఆ రెండూ ఒకే పాదంలో పట్టేలా ఎవరైనా కుదిర్చి చూపండి.