వ్యాపారం చేసుకునే దేశాలు కొట్టుకోవా? డిబేట్‌కి సాయం చేయండి

నమస్తే. కడపలో డిగ్రీ రెండో ఏడు నాది. వచ్చే వారం కాలేజీలో డిబేట్, 'ప్రపంచీకరణతో శాంతి, సంక్షేమం పెరుగుతాయి' అనే వైపు నా పేరు వేశారు. ఒకరి సరుకు ఒకరు కొనుక్కునేవాళ్లు కొట్టుకోరని మా సార్ అంటారు. నిజమేనా? పుస్తకాల్లోవి కాకుండా మన వైపు సంగతులు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

రాయచోటి పాత డ్రైవర్:
తమ్ముడూ, 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు నేను అక్కడే ఉన్నా. ఆ రెండూ పరాయి దేశాలేం కాదు, ఇరాన్‌తో యుద్ధానికి ఇరాక్‌కు అప్పిచ్చిందే కువైట్. చివరికి తగాదా కూడా ఆ అప్పు దగ్గర, చమురు ఎవరు ఎక్కువ తోడుతున్నారనే దగ్గరే వచ్చింది. మనోళ్లు బస్సుల్లో జోర్డాన్ చేరి అమ్మాన్ నుంచి విమానాల్లో వచ్చారు, సుమారు 1,70,000 మంది. నేను ఒక్క సంచితో ఇల్లు చేరినా. అయినా మూడేళ్లకు మళ్లీ పోయినా, మా మిద్దె, చెల్లెలి పెళ్లి ఆ దినార్లతోనే, కాబట్టి మేలు లేదని ఎట్లంటాను. కానీ నా పాస్‌పోర్టు కఫీల్ (నన్ను పనికి పెట్టుకున్న అక్కడి యజమాని) బీరువాలో ఉండేది. మన మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) చమురు బావులు తవ్వే పని కోసం దేశాలు తిరుగుతుంది, దానికి అకామా (అక్కడ ఉండే పర్మిట్టు) అక్కర్లేదు!

కదిరి శెనక్కాయ:
మాది రైతు ఇల్లు. 1994 నుంచి పామోలిన్ దిగుమతికి తలుపులు తీశారు, ఇప్పుడు దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటిదే. మా శెనక్కాయ దెబ్బతినడానికి వానలూ కారణమే, అంతా పామాయిల్ మీదికి తోసేయను. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె మండిపోయింది, ఆ ఏప్రిల్‌లోనే ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, మా అమ్మ బజ్జీలు బందు పెట్టింది. మరి మాకు రేటు వచ్చిందా అంటే, కాయలు అప్పటికే అమ్మేసుకున్నాం. పెనుకొండలో కియా వచ్చాక మా ఊరి పిల్లలు కొందరికి నెల జీతాలు వచ్చాయి, అదీ రాసుకో.

కర్నూలు మేష్టారు:
మీ సార్ మాట సగమే నిజం. 1914కు ముందు బ్రిటన్, జర్మనీ ఒకరికొకరు పెద్ద గిరాకీ, అయినా యుద్ధం ఆగలేదు. 1951లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ మరో నాలుగు దేశాలతో కలిసి బొగ్గును, ఉక్కును ఉమ్మడి అధికారం కింద పెట్టుకున్నాయి, ఫిరంగులు చేసేది వాటితోనే కదా. అక్కడ పనిచేసింది వట్టి బేరం కాదు, కట్టుబాటు. రష్యా గ్యాస్‌ను జర్మనీ దశాబ్దాల పాటు కొన్నది, అలాంటి కట్టుబాటేదీ లేకుండానే, ఆ బేరం ఉక్రెయిన్ యుద్ధాన్ని ఆపలేకపోయింది. నువ్వు సంక్షేమం మీద పట్టు పట్టు: 1990లో ప్రపంచ జనాభాలో మూడో వంతుకు పైగా కటిక పేదరికంలో ఉంటే, 2019 నాటికి అది పదో వంతు లోపుకు దిగింది, అందులో చైనాది పెద్ద వాటా.

అడిగినవాడు:
థ్యాంక్స్ అన్నా, థ్యాంక్స్ సార్. ముగ్గురాయి మాట వాడుకుంటా. కానీ అది ఎదుటి వైపుకే ఎక్కువ పనికొచ్చేలా ఉందే?

రాయచోటి పాత డ్రైవర్:
వాళ్లు ఎత్తకముందే నువ్వే చెప్పెయ్ రా.