అప్‌డేట్: పదివేల లోపు సైకిల్ కంప్యూటర్, చివరికి ఏది కొన్నానంటే

పదివేల రూపాయల లోపు రోడ్ సైకిల్‌కు వేగం, దూరం చూపించే చిన్న కంప్యూటర్ కొనాలా, లేక హ్యాండిల్‌కు తగిలించిన ఫోన్‌తోనే సరిపెట్టుకోవాలా అని నేను అడిగిన ప్రశ్నకు మీరంతా ఓపికగా సమాధానాలిచ్చారు. చివరికి ఐజీపీస్పోర్ట్ బీఎస్‌సీ100ఎస్ తీసుకున్నాను. విజయనగరం నుంచి శృంగవరపుకోట వెళ్లి వచ్చేసరికి ఫోన్ ఎండకు వేడెక్కి, తెర మసకబారి, ఛార్జింగ్ అడుగంటేది, ఈ 2.6 అంగుళాల తెర మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా స్పష్టంగా కనబడుతోంది. మ్యాపులున్న ఖరీదైన మోడల్ వద్దనుకున్నాను, పుట్టి పెరిగిన ఊరి దారులే కదా.

చక్రం చుట్లను లెక్కపెట్టే వేగం సెన్సర్‌ను విడిగా బిగించుకోమన్న సలహా పాటించాను గానీ, అక్కడే పొరపాటు చేశాను. 28 మి.మీ. వెడల్పు టైర్లు వేసుకుని, కంప్యూటర్‌లో చక్రం చుట్టుకొలతను 25 మి.మీ. టైరుకు సరిపోయే 2105 మి.మీ. దగ్గరే వదిలేయడంతో దూరం తక్కువగా నమోదైంది. తర్వాత వాల్వు నేలవైపు ఉన్నప్పుడు సుద్దముక్కతో గీత గీసి, సైకిల్ మీద కూర్చునే చక్రాన్ని ఒక చుట్టు దొర్లించి, మేస్త్రీ టేపుతో కొలిస్తే 2130 వచ్చింది. అంటే వంద కిలోమీటర్లకు కిలోమీటరుకు పైగా తేడా అన్నమాట. నిమిషానికి ఎన్నిసార్లు పెడల్ తిప్పుతున్నామో చెప్పే కేడెన్స్ సెన్సర్ ప్రస్తుతానికి కొనడం లేదు. ఆ డబ్బు కొత్త టైర్లకు దాచుకుంటున్నాను.