సి విటమిన్ బిళ్ళలో నిమ్మకాయ లేదా?

పటమట పిన్ని: మా అమ్మాయి బీఫార్మసీ రెండో ఏడు. నిన్న నారింజ రంగు చప్పరింపు బిళ్ళల డబ్బా చూసి "ఇది మొక్కజొన్నమ్మా, నారింజ కాదు" అంది. తెనాలి నిమ్మకాయలు కొన్నైనా ఇందులోకి పోతాయనుకున్నానే! నిజమేనా?

అరండల్‌పేట ల్యాబ్: నిజమేనండీ. మొక్కజొన్న గంజి పదార్థం నుంచి గ్లూకోజు తీస్తారు. నికెల్ ఉత్ప్రేరకం పెట్టి, బాగా ఒత్తిడిలో హైడ్రోజన్ ఎక్కిస్తే సార్బిటాల్ అవుతుంది. చాలా షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లలో తీపి అదే. దాన్ని వెనిగర్ చేసే బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టానికి అప్పజెబితే సార్బోజ్ అనే చక్కెర చేసిపెడుతుంది.
1933లో స్విట్జర్లాండ్‌లో రైష్‌స్టైన్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన దారిలో ఇక్కడి నుంచి అంతా కెమిస్ట్రీయే. సార్బోజ్ అణువుని ఒక్కచోటే ఆక్సీకరణ చేయాలి. మిగతా చోట్లకు అసిటోన్‌తో తొడుగు వేసి, పనయ్యాక ఊడదీస్తారు. ద్రావకాల ఖర్చు తడిసి మోపెడు.

బందరు రోడ్డు మెడికల్స్: ఇప్పటికీ అంతేనా?

అరండల్‌పేట ల్యాబ్: లేదు. చైనా వాళ్ళు 1970ల్లో ఆ మధ్య పని కూడా బ్యాక్టీరియాకే ఇచ్చారు. అసలు పని చేసే బ్యాక్టీరియా ఒంటరిగా సరిగ్గా ఎదగదు, అందుకని తోడుగా బాసిల్లస్ మెగాటీరియం అనే ఇంకో బ్యాక్టీరియా వేస్తారు. అలా వచ్చిన కీటోగ్యులోనిక్ ఆమ్లాన్ని చివర్లో రసాయనాలతోనే ఆస్కార్బిక్ ఆమ్లంగా, అంటే సి విటమిన్‌గా మారుస్తారు.
నేను చేసింది వేరే మందు, కానీ ఫెర్మెంటేషన్ టెన్షన్ ఎక్కడైనా ఒకటే. ఓ నైట్ షిఫ్టులో శాంపిల్ మూత తీస్తే రోజూ వచ్చే వాసన కాకుండా మురిగిన వాసన కొట్టింది. తెల్లారేసరికి ట్యాంకు మొత్తం పారబోశాం. ఇడ్లీపిండి చెడితే ఇంకో గిన్నె రుబ్బుకోవచ్చు, ఇక్కడ అలా కుదరదు.

బందరు రోడ్డు మెడికల్స్: కరోనా రోజుల్లో "నిమ్మతో చేసిందే ఇవ్వండి" అని ఎంతమంది అడిగారో! అణువు అదే బాబూ అంటే ఒక్కరూ నమ్మలేదు. నా గొడవ తేమతో. మూత వదులైన డబ్బా మే నెలలో కిటికీ పక్కన ఉండిపోయింది. తీసి చూస్తే బిళ్ళల మీద గోధుమరంగు మచ్చలు. గాలి, తడి, వేడి మూడూ తగిలితే ఈ విటమిన్ నిలవదు.

మిర్చి యార్డు వెనకాల: మనవాళ్ళు గర్వపడే మాట ఒకటి. హంగేరీలో సెంట్-జార్జి అనే శాస్త్రవేత్త ఈ విటమిన్‌ను పెద్దమొత్తంలో తీసింది సెగెడ్ ఊరి పాప్రికా మిరప నుంచే. 1937లో ఆయనకు నోబెల్ వచ్చింది. అలాగని మా యార్డు ఎండుమిర్చి టిక్కీలు (బస్తాలు) చూసి ఆశపడొద్దు, ఎండబెడితే విటమిన్ చాలావరకు పోతుంది. పచ్చిమిర్చి కొరకండి, ధైర్యముంటే.

పటమట పిన్ని: మెడికల్స్ గారూ, మీరు చెప్పాక మా డబ్బా చూశాను. అడుగున నాలుగింటికి మచ్చలు. పారేశాను. అమ్మాయికి చెప్పలేదు, మళ్ళీ క్లాసు పీకుతుంది.