లోడ్ పడగానే జనరేటర్ నల్లగా కక్కుతుంది, డీజిల్ కల్తీయేనా?

చెరువుగట్టు (ఆకివీడు):
నమస్కారం అండి. మావి రొయ్యల చెరువులు, రాత్రిళ్ళు కరెంట్ పోతే ఏరియేటర్లకి (చెరువు నీళ్ళలో గాలి కలిపే మిషన్లు) జనరేటరే దిక్కు. ఈమధ్య సగం ఏరియేటర్లు నడిచినంతసేపూ బానే ఉంటుంది, మిగతావి కూడా వేసేసరికి సైలెన్సర్‌లోంచి నల్లగా కక్కేస్తుంది, డీజిల్ కూడా తెగ తాగేస్తుంది. మావాళ్ళు డీజిల్ కల్తీ అంటున్నారు, ఒకాయన కొంచెం కిరసనాయిలు కలిపితే పొగ తగ్గుద్దంటున్నాడు. అసలు లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పండి. వానలని షెడ్డుకి మూడువైపులా పట్టా కట్టాం, అది తప్ప ఏం మార్చలేదు.

రసాయనం మాస్టారు (రాజోలు):
కల్తీ సంగతి తర్వాత, ముందు గాలి సంగతి చూడండి. డీజిల్ అంటే కార్బన్, హైడ్రోజన్. పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి, వీటికి రంగుండదు. లీటరు డీజిల్ మండాలంటే దాదాపు 12 కిలోల గాలి కావాలి, అంటే సుమారు 10 వేల లీటర్లు, అదీ కనీసం. డీజిల్ ఇంజన్‌కి అంతకంటే చాలా ఎక్కువే కావాలి ఎందుకంటే నాజిల్ చిమ్మిన తుంపరకి గాలితో కలిసే టైం చాలా తక్కువ. ఇప్పుడు అసలు కిటుకు, మీ జనరేటర్ ఎప్పుడూ ఒకే స్పీడులో తిరగాలి, మామూలుగా 1500 ఆర్పీఎం, అంటే నిమిషానికి 1500 చుట్లు. టర్బో (గాలిని ఒత్తి లోపలికి నెట్టే పరికరం) లేని ఇంజన్ అయితే లోడ్ పెరిగినా పీల్చే గాలి పెరగదు, స్పీడు పడిపోకుండా చూసే గవర్నర్ అనే భాగం డీజిల్ మాత్రమే పెంచుతుంది. ఆక్సిజన్ అందని చోట వేడికి డీజిల్ విడిపోయి కార్బన్ మసిగా మిగిలిపోతుంది, ఆ నలుపు అదే. లాంతరు ఒత్తి మరీ పైకి లేపితే చిమ్నీ మసిబారుద్ది చూశారా, అదే రసాయనం.

డీజిల్ మేస్త్రి (పాలకొల్లు):
మాస్టారు చెప్పింది కరెక్టండి. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి ముందు, తర్వాత నాజిల్ చెక్ చేయించండి, కారుతున్నా నల్లపొగే వస్తుంది. కిరసనాయిలు మాత్రం వద్దండీ బాబూ, దానికి జిడ్డు తక్కువ, పంపు నాజిల్ రెండూ అరిగిపోతాయి. స్టార్టింగ్‌లో తెల్లపొగ అయితే మండని డీజిల్ ఆవిరి, నీలంగా వస్తే ఇంజనాయిల్ కాలుతున్నట్టు, మీది ఆ రెండూ కాదు.

చెరువుగట్టు:
ఇప్పుడే విప్పానండి. ఫిల్టర్ కాగితం మడతల నిండా మేత పొడి, పక్క చేలో నూర్చిన ఊక, పైన నూనె మసి అంటుకుని అట్టకట్టేసింది, లైటు వేసి చూస్తే అవతలికి వెలుగే రావట్లేదు. పొద్దున్నే కొత్తది తెస్తా. పట్టా వల్ల కూడా ఏమైనా ఉంటుందంటారా?

రసాయనం మాస్టారు:
ఉంటుందండి, ఖచ్చితంగా. వేడెక్కిన గాలి పల్చబడుద్ది, పైగా సైలెన్సర్ పొగ బయటికి పోక మళ్ళీ ఇంజనే పీలుస్తుంటే అందులో ఆక్సిజన్ ఇంకా తక్కువ. అంతకంటే నాకు భయం వేసేది కార్బన్ మోనాక్సైడ్ గురించి, సగంసగం మండితే వచ్చేది అదే. వాసనా రంగూ ఉండదు, రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టేసుకుంటుంది. మీ కాపలా కుర్రోడు వానకి ఆ షెడ్డులోనే పడుకుంటున్నాడా? ఈ రాత్రికే వేరేచోట పడుకోమనండి, రెండువైపులా పట్టా లేపేసి సైలెన్సర్‌కి పైపు వేసి పైకప్పు దాటించండి, ఫిల్టర్ రేపు మార్చుకోవచ్చు.